మా వైపు అప్ప అంటే

కె.ఆర్.పురం స్టేషన్‌కి పది నిమిషాల నడకలో, పాత మద్రాసు రోడ్డు మీద ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఉండేది. నా మొదటి ఉద్యోగం అక్కడే. తొంభైల చివర్లో సంగతి. పన్నెండు మంచాలు, ఇద్దరు డాక్టర్లు, నలుగురు నర్సులు, ఒక ఆయమ్మ. నర్సుల్లో ఇద్దరు మలయాళీలు, ఒకమ్మాయిది మండ్య. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. నన్ను తీసుకోవడానికి కారణం కూడా అదే. చుట్టుపక్కల లేస్తున్న మేడలన్నిట్లో పనిచేసేది తెలుగు కూలీలే. జ్వరం వచ్చినా, గోడకి కట్టిన సారువ కర్రల మీంచి పడినా వాళ్ళని మా దగ్గరికే తెచ్చేవారు. "వాళ్ళు చెప్పేది మీరు నాకు చెప్తే చాలు" అన్నారు పెద్ద డాక్టరుగారు, సగం ఇంగ్లీషులో, సగం కన్నడంలో. సరేనన్నాను. తెలుగువాళ్ళు చెప్పేది తెలుగుదానికి అర్థం కాకపోవడం ఏమిటని అనుకున్నాను.

మొదటి వారంలోనే నా తెలుగు చాలదని తేలిపోయింది. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒకావిడ చలిజ్వరంతో వణుకుతూ బెంచీ మీద కూర్చుంది. ఎప్పటినుంచి అని అడిగాను. "పొద్దున్నే నీళ్ళు పోసుకుంటిని సిస్టరమ్మా, అప్పట్నుంచి చలి పెడతా ఉండాది" అంది. మా వైపు నీళ్ళోసుకుంది అంటే కడుపుతో ఉందని అర్థం. నేను గబగబా లోపలికి వెళ్ళి పేషెంటు గర్భవతి అని డాక్టరుగారికి చెప్పేశాను. ఆయన రాస్తున్న మందు కొట్టేసి, ఎన్నో నెలో అడగమన్నారు. అడిగాను. ఆవిడ తెల్లబోయింది. ఇంట్లో ఇద్దరు కోడళ్ళున్న మనిషి. గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న ఆయమ్మ గుడ్డ వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"స్నానం చేసినానని చెప్తా ఉండాది పాపా! నువ్వేమో ఆ యక్కకి కాన్పు చేసేదానికి నిలబడినావు."

ఆయమ్మకి అప్పటికే అరవై దాటాయి. వాళ్ళ కుటుంబం నాలుగు తరాలుగా బెంగళూరులోనే ఉంది. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే అయినా చదవడం, రాయడం అంతా కన్నడం. ఏ వాక్యమైనా అప్పా అనే ముగించేది. ఎదురుగా ఉన్నది మగవాడా, ఆడదా అని చూసుకునేది కాదు. లేదప్పా, రాదప్పా, స్వల్పం తాగప్పా. ఒకసారి "వాకిలి వేసి రా పాపా" అంటే, ఈవేళప్పుడు ముగ్గేమిటి అనుకుంటూ బయటికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ వేయమన్నది తలుపు.

ఆ రోజు నుంచి ఆవిడే నాకు పాఠం చెప్పింది. వచ్చినవాళ్ళు రెండు మాటలు మాట్లాడేసరికి, ఏ ఊరివాళ్ళో నా చెవిలో చెప్పేసేది. "తెల్లగడ్డ అన్నాడు, విన్యావా? కడప తట్టు. ఆ పక్కన ఉండే యమ్మ ఎల్లిగడ్డ అంటాది చూడు, ఆ యమ్మది పాలమూరు." రెండూ వెల్లుల్లి పేర్లే. నేను ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. జలుబుకే నాలుగు మాటలు దొరికాయి: జలుబు, రొంప, పడిశం, సర్ది. ఒంట్లో బాగాలేదనడానికి పాలమూరువాళ్ళు పానం మంచిగ లేదంటారు. మొదటిసారి విన్నప్పుడు ప్రాణం పోతోందేమో అని పరిగెత్తాను. రెక్క నొస్తాంది అంటే చెయ్యి నొప్పి. ఆరు నెలలయ్యేసరికి ఆయమ్మ పెట్టే పరీక్షల్లో చాలావరకు నెగ్గుతున్నాను.

ఒక మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు విప్పుకుని తింటున్నాం. ఆవిడ నన్ను ఉన్నట్టుండి పరకాయించి చూసింది.

"అందరి ఊరూ చెప్తాను గానీ, నీదే ఊరో నాకు తెలీలేదు పాపా. నీ మాటలో ఏ ఊరూ లేదే."

ఆవిడ మామూలుగానే అంది. నేను మాత్రం కలుపుతున్న ముద్ద డబ్బాలోనే వదిలేశాను. మాది పార్వతీపురం దగ్గర ఒక పల్లె. నర్సింగ్ చదువుకి గుంటూరు వెళ్ళినప్పుడు హాస్టల్లో నేను "నేదు" అన్నానని, "ఏటి" అన్నానని, "ఎలగ" అన్నానని పడీ పడీ నవ్వేవారు. ఒకమ్మాయి నాలాగా మాట్లాడి చూపిస్తుంటే మిగతావాళ్ళు చప్పట్లు కొట్టేవారు. రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడకుండా వాళ్ళెలా మాట్లాడుతున్నారో విన్నాను. మూడో నెల నోరు విప్పేసరికి నా మాటలో మా ఊరు లేదు. అప్పుడు అది నాకు గొప్పగానే ఉండింది. "విజయనగరం జిల్లా" అని ఆయమ్మకి చెప్పి, డబ్బా మూసేసుకుని లేచిపోయాను.

ఆ వానాకాలంలో ఒక పొద్దుట, పాలమూరు కూలీలు ఒక మొగుడూ పెళ్ళాం, ఆటోలో ఒక ఆడమనిషిని తీసుకొచ్చారు. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. జుట్టు అట్టలు కట్టింది, ఒళ్ళు నిప్పులా ఉంది, కళ్ళు తెరవడం లేదు.

"మీకేమవుతుంది?" అని అడిగాను.

"మాకేం గాదమ్మా" అంది ఆ పాలమూరావిడ. "కుందలహళ్ళి కాడ బిల్డింగుల మా పక్క షెడ్డుల ఉండె. ఆమె దిక్కోళ్ళు పని ఒడిసిందని ఎల్లిపోయిన్రు. ఈమె జరమొచ్చి పండుకున్నది, లేస్తలేదు. ఇడిసిపెట్టి పోబుద్ధి కాలే."

"పేరేమిటి? ఏ ఊరు?"

"ఏమో. మాట్లాడదు. మేం కోస్తా ఆమె అంటం. మొదట్ల ఏందో మాట్లాడుతుండె, మాకు సమజ్ గాకపోతుండె. పోరలు నవ్విన్రు. ఇగ నోరే తెరుస్తలేదు."

డాక్టరుగారు చూసి టైఫాయిడ్ అన్నారు. కేసుషీటులో పేరు రాసే చోట ఏమీ రాయకుండా ఆవిణ్ణి కిటికీ పక్కన మంచం మీద పడుకోబెట్టాం. రెండు రోజులు జ్వరం దిగలేదు. తెలివి వచ్చినట్టే ఉండేది, ఎవరేమడిగినా కళ్ళు మూసుకునేది. ఆయమ్మ తన తెలుగులో అడిగింది. పాలమూరావిడ రోజూ పనికి ముందు వచ్చి తన తెలుగులో అడిగింది. నేను నా ఊరులేని తెలుగులో అడిగాను. ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నోట్లో ఏం పెట్టినా పెదాలు బిగించేసేది. ఆయమ్మ ఇంటినుంచి రాగి గంజి కాచి తెచ్చి, "రాగి గంజి తల్లీ, స్వల్పం తాగు" అని బతిమాలింది. "తైద అంబలక్కా, మంచిది" అంది పాలమూరావిడ. మంచం మీది మనిషి తల పక్కకి తిప్పేసుకుంది.

జ్వరం పెరిగినప్పుడు మాత్రం ఒకే మాట కలవరించేది. "అప్పా... అప్పా..."

"పాపం, నాయన్ని పిలుస్తా ఉండాది" అంది ఆయమ్మ. కన్నడంలోనూ అప్ప అంటే తండ్రే కాబట్టి మండ్య అమ్మాయి కూడా అదే అంది. డాక్టరుగారు ఆ తండ్రి ఎక్కడున్నాడో కనుక్కోమన్నారు. నాక్కూడా వేరే ఆలోచన రాలేదు. ఇప్పటికీ అదే నన్ను బాధపెడుతుంది. బెంగళూరు వచ్చాక ఆ మాట రోజుకి వందసార్లు వింటున్నాను. బస్సులో అప్పా, కూరల బండి దగ్గర అప్పా, ఆయమ్మ నోట అప్పా. వినీ వినీ నా చెవి మొద్దుబారిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం నేను సెలైన్ సీసా మారుస్తున్నాను. బయట వాన పడుతోంది. ఆవిడ మెల్లగా అంది: "ఓలప్పా... నీలు..."

నా చెయ్యి ఆగిపోయింది.

తండ్రిని ఎవరూ ఓల అని పిలవరు. మా వైపు ఆడవాళ్ళనే ఓల అంటాం. ఓలమ్మ, ఓలొదిన, ఓలప్ప. మా వైపు అప్ప అంటే పెద్దక్క.

నన్ను పెంచింది మా అప్పే. మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అప్పకి పద్నాలుగు. ఆ మాటని నేను ఎన్నేళ్ళుగానో పైకి అనడం మానేశాను. ఎవరికి చెప్పినా మా అక్క అనే చెప్పేదాన్ని. అందుకే మూడు రోజులు నా చెవి పక్కనే ఒక మనిషి పిలుస్తున్నా నాకు తెలియలేదు.

వార్డులో అప్పుడు మండ్య అమ్మాయి ఉంది, ఆయమ్మ ఉంది, మరో నలుగురు పేషెంట్లు ఉన్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒకసారి చుట్టూ చూశాను. తర్వాత వంగి ఆవిడ చెవి దగ్గర అన్నాను. "ఏటమ్మా? ఏటి కావాల? నీలు కావాలేటి?"

ఆవిడ కళ్ళు తెరిచింది. మూడు రోజుల్లో మొదటిసారి నా మొహం మీద చూపు నిలిపింది.

"మీ అప్ప యెక్కడున్నాది?" అని అడిగాను.

తల కాస్త ఎత్తింది. "నువ్వు మనోల్ల పిల్లవేటి?" అంది.

"మనోల్ల పిల్లనే. పార్వతీపురం కాడ మా వూరు. నువ్వేటీ తిననేదు, మరెలగ? సోడంబలి తాగుతావేటి?"

తల ఊపింది. ఆయమ్మ చేతిలోంచి గిన్నె తీసుకుని పట్టాను. పొద్దుట తల తిప్పేసుకున్న గంజే అది. రాగులు, తైదలు, సోళ్ళు, మూడూ ఒకటే. ఆవిడ సగం గిన్నె తాగి, నా మణికట్టు పట్టుకుని, వదలకుండానే నిద్రపోయింది. ఆయమ్మ గిన్నె వంకా నా వంకా చూసి, "అది నీ ఊరి మాటనా పాపా? ఎంత బాగుండాది" అంది. నాకు ఏడుపొచ్చింది.

రెండు రోజుల్లో జ్వరం దిగింది. కొద్దికొద్దిగా కథంతా చెప్పింది. వాళ్ళ ఊరు పాలకొండ అవతల. క్రితం ఏడు మొగుడు పోయాడు. మరిది పనికి మనుషుల్ని తీసుకుని బెంగళూరు వస్తుంటే తనూ బయల్దేరింది. "అప్ప ఒద్దంది. మాయింటికొచ్చీయే, ఉన్నదేదో కల్సి తిందుము అంది. నానే ఇనలేదు. సెప్పకుండా ఎలిపొచ్చీసినాను." ఎనిమిది నెలలైంది. ఇక్కడ పని అయ్యాక ఆ మరిదే తనని షెడ్డులో వదిలేసి, మిగతావాళ్ళతో వేరే ఊరి పనికి పోయాడట. తను ఎక్కడుందో అప్పకి తెలీదు. షెడ్డుల్లో మొదట్లో మాట్లాడబోతే నవ్వారట. "నా మాటకి అందరూ నవ్వుతారు. అందికే మాటాడ్డం మానీసినాను."

అదెలా ఉంటుందో నాకు ఆవిడ విప్పి చెప్పనక్కర్లేదు.

వాళ్ళప్ప ఉన్న ఊళ్ళో ఫోను లేదు. ఉత్తరం వేస్తే చేరేసరికి వారం. మా ఊళ్ళో అయితే మా అప్పింటి ఎదురుగా బడి పంతులుగారింట్లో ఫోనుంది. అప్ప బస్సెక్కితే రెండు మూడు గంటల్లో ఆ ఊరు చేరగలదు. కానీ అప్పకి ఫోను చెయ్యడమంటే నాకు ఎప్పుడూ కాస్త బెదురు. దానికి కారణం ఉంది.

గుంటూరులో రెండో ఏడాది చదువుతుండగా అప్ప నన్ను చూడ్డానికి వచ్చింది. అంత దూరం ఒక్కతే ఎప్పుడూ రైలెక్కి ఎరగదు. హాస్టల్ గేటు దగ్గర నిలబడి "మా సెల్లిని సూడాల బాబూ" అని వాచ్‌మన్‌తో పెద్ద గొంతుతో అంటోంది. అప్పుడే నేను ఇద్దరు స్నేహితురాళ్ళతో కాలేజీ నుంచి వస్తున్నాను. ఎవరే అని ఒకమ్మాయి అడిగింది. "మా ఊరామె. అక్క పంపించినట్టుంది" అన్నాను. అప్ప విన్నది. నా మొహం చూసింది. చేతిలోని నువ్వుండల పొట్లం నాకిచ్చి, "బాగున్నావు గదమ్మా. మీ అక్కకి సెప్తాన్లే" అని వెనక్కి తిరిగింది. నీళ్ళు కూడా తాగలేదు. ఆ సంగతి తర్వాత తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఫోనుల్లో నేను శుభ్రమైన తెలుగులో అడిగేదాన్ని, తను పొడిపొడిగా జవాబులిచ్చేది.

ఆ రోజు నర్సింగ్ హోమ్ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకి వెళ్ళి, పంతులుగారికి చెప్పి, పావుగంట ఆగి మళ్ళీ చేశాను.

"అప్పా, నాను" అన్నాను.

"ఎవులు?" అంది.

"నానే అప్పా."

"ఓలే, నువ్వేనేటి? ఏటే, వొంట్లో బాగునేదేటి నీకు?"

నేను అలా మాట్లాడితే నాకు జబ్బు చేసిందనుకుంది! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. విషయం చెప్పాను. ఊరు పేరు, ఇంటి గుర్తులు రెండుసార్లు చెప్పించుకుంది. "రేపు తెల్లారే ఎల్తాను. ఆ పిల్లకి సెప్పు, గాబరా పడొద్దని" అని పెట్టేసింది.

ఫోను చేసిన అయిదో రోజు పొద్దున్న, పంతులుగారు చెప్పిన రైలు కోసం నేను కె.ఆర్.పురం స్టేషన్లో నిలబడి ఉన్నాను. రైల్లోంచి ఇద్దరు దిగారు. ఒకరు మా అప్ప. రెండోది మా పేషెంటు అప్ప. ఆవిడ ఒక్కతీ రాలేనంటే మా అప్ప తోడు బయల్దేరిందట. ఫోనులో నాతో ఆ మాట అనలేదు. దారిలో నాతో కూడా ఎక్కువ మాట్లాడలేదు. "సిక్కిపోనావు" అని మాత్రం అంది.

వార్డులో ఆ అక్కచెల్లెళ్ళు కలిసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెద్దావిడ మంచం దగ్గర నిలబడి చెల్లెల్ని పైనుంచి కింది దాకా చూసి, "ఎంత పని సేసినావే" అంది. చెల్లెలు "తప్పయిపోనాది అప్పా" అంది. అంతే. పెద్దావిడ సంచిలోంచి నూనెసీసా, దువ్వెన తీసి, చెల్లెల్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, అట్టలు కట్టిన ఆ జుట్టు విప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా పట్టింది. పాయ పాయకీ తిట్టింది. చెల్లెలు తల వంచుకుని అన్నీ పడింది. మధ్యలో ఒకసారి ఇద్దరూ నవ్వడం కూడా విన్నాను.

మండ్య అమ్మాయి మా అప్పని చూపించి ఎవరని అడిగింది.

"మా అప్ప" అన్నాను.

"అప్పనా? ఈయమ్మా?" అని ఆయమ్మ నోరు తెరిచింది. మా వైపు అప్ప అంటే ఎవరో అప్పుడు వార్డందరికీ విప్పి చెప్పాల్సి వచ్చింది. ఆయమ్మ చాలాసేపు నవ్వి, మా అప్ప గడ్డం పట్టుకుని, "రాప్పా, కాఫీ తాగుదువు" అని తీసుకుపోయింది.

అప్ప నా గదిలో పది రోజులు ఉంది. రెండో ఆదివారం ఇద్దరం కొళాయి దగ్గర దుప్పట్లు ఉతుకుతున్నాం. చెరో కొసా పట్టుకుని పిండుతుంటే, మొహం చూడకుండా మొదలుపెట్టాను. "అప్పా, ఆ రోజు గుంటూరుల..."

అప్ప పిండడం ఆపలేదు. "సెప్పినాన్లే మీ అక్కకి" అంది.

నేను ఇంకో మెలిక తిప్పాను.

"అదేటందంటే, పిల్లని సదువుకోనీ, మిగతాది తరవాత సూసుకుందుము అంది." దుప్పటి విదిలించి తీగ మీద వేసింది. "ఆ కొస లాగు, ముడత పడిపోతంది."

నేను కొస లాగాను. తర్వాత ఇద్దరం లోపలికి వెళ్ళి అన్నం తిన్నాం. ఆ సాయంత్రం అప్ప, నా చిన్నప్పుడు నేను ఏడిస్తే ఎలా ఊరుకోబెట్టేదో ఆయమ్మకి నటించి చూపించింది. ఆయమ్మకి సగం అర్థం కాలేదు. అయినా కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళు ముగ్గురూ ఒకే రైల్లో వెళ్ళిపోయారు. పాలమూరు దంపతులు ఆ రోజు పని మానుకుని స్టేషన్‌కి వచ్చారు. పాలమూరావిడ, "పైలంగ పో అక్కా" అంది. ఈవిడ, "నువ్వు నేకపోతే నాను బతికేదాన్ని కాదు గదమ్మా" అంది. ఒకరి మాట ఒకరికి అందిందో లేదో గానీ, రైలు కదిలేదాకా చేతులు పట్టుకునే ఉన్నారు.

సంక్రాంతులూ దసరాలూ గడిచిపోయాయి గానీ ఆవిడ మళ్ళీ బెంగళూరు రాలేదు. వెళ్ళిన ఏడాదికి మా అప్ప చేత నాకు ఒక పొట్లం జీడిపప్పూ, ఒక ఉత్తరమూ పంపింది. ఉత్తరం రాసింది వాళ్ళప్ప కూతురు, బళ్ళో చదివే పిల్ల. అక్షరాలు గుండ్రంగా, అక్కడక్కడా కొట్టివేతలతో ఉన్నాయి. పిన్నమ్మ పలాసలో జీడిపిక్కల పనికి కుదిరిందట. ఒళ్ళు చేసిందట. బెంగళూరు కబుర్లు పనిలో అందరికీ చెబుతుందట. ఆయమ్మకి తెలుగు చదవడం రాదు కాబట్టి, నేను ఆ ఉత్తరం మందుల గదిలో నిలబడి మా ఊరి యాసలోనే పైకి చదివాను. చివరి రెండు వాక్యాలు ఆవిడ మళ్ళీ మళ్ళీ చదివించుకుంది.

"పిన్నమ్మ పొద్దున్న లేచినకాడి నుంచి మాటాడతానే ఉంటంది. నోరు నొప్పెట్టదేటే నీకు అని మాయమ్మ తిడతంది."